ఎకరా మీద నాలుగు

ధర్మవరంలో నా పని చీర అంచులకు గ్రాఫ్ వేయడం. గళ్ల కాగితం మీద ఒక గడి అంటే మగ్గం మీద ఒక పోగు. నెమలి మెడ వంపు తిరగాలంటే ఎన్ని గళ్లు నింపాలో, ఎన్ని వదలాలో లెక్క చూసుకుని రంగు పెన్సిలుతో నింపుతాను. దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గానికి ఎక్కుతాయి. ముప్పై ఏళ్లుగా ఇదే పని. గ్రాఫులో ఒక గడి తప్పు పడితే ఆ తప్పు ఒక నెమలితో పోదు. చీర పొడుగునా ప్రతి నెమలికీ అదే చోట మెడ విరుగుతుంది.

నేను చదివింది తొమ్మిదో తరగతి వరకే. మిగతా లెక్కలు ఈ గళ్లే నేర్పాయి. పాత కాగితాల అంగట్లో దొరికిన లాగరిథం పట్టికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివాను. ఎందుకని మా ఇంట్లో అడిగారు. అంకెలు వరుసగా ఎక్కడికో పోతుంటే ఎక్కడికి పోతున్నాయో చూడాలనిపిస్తుంది, అంతే.

ఆ అమ్మాయిని మొదట చూసింది నేను గళ్ల కాగితం కొనే జిరాక్స్ అంగట్లోనే. బల్ల మీద పెద్ద పటం పరిచి, దాని మీద పారదర్శక కాగితం పెట్టి, గళ్లు లెక్కపెడుతోంది. ఆకాశం నుంచి తీసిన హిందూపురం ఫోటో అది. ఇళ్లున్న గళ్లెన్ని, పొలాలున్న గళ్లెన్ని అని చూస్తోంది. ఒక గడి దగ్గర ఆగిపోయింది. అందులో కొంత ఇళ్లు, కొంత పొలం.

నా నోరు ఊరుకోలేదు. "సగం దాటితే నింపల్ల, దాటకపోతే వదలల్ల. మేమట్లే చేస్తామమ్మా" అన్నాను.

"సరిగ్గా సగమే ఉంటేనండీ?"

"అట్లాంటిది ఒగటి నింపితే, దాని తర్వాత వచ్చేది వదిలేయాల. రెండూ నింపితే నెమిలి లావైపోతాది."

ఆమె నవ్వి ఇంకో కుర్చీ లాగింది. ఆ పూట ఇద్దరం కలిసి హిందూపురాన్ని లెక్కపెట్టాం. పాత పటం మీద నా అరచేతి కింద దాగిపోయిన ఊరు, కొత్త పటం మీద రెండు చేతులు పరిచినా వేళ్ల సందుల్లోంచి బయటికి వచ్చింది.

ఆమెది కోస్తా వైపు. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడు ఊళ్లూ పెరుగుతున్నాయి. ఊరు పెరిగితే చుట్టుపక్కల పొలాల్లో వాన నీళ్లు ఆగే కుంటలు ఏమవుతున్నాయి? ఊరి నుంచి దూరం పోయేకొద్దీ కుంటల సంఖ్య ఎలా మారుతోంది? దాన్నొక గీతగా గీయగలమా? ఇదే ఆమె ప్రశ్న. ఊళ్లను ఆకాశం నుంచి చూడవచ్చు కానీ మా కుంటల్ని చూడలేం. ఏడాదిలో పది నెలలు ఎండి ఉంటాయి, మామూలు నేలలాగే కనిపిస్తాయి. మనుషుల్ని అడగవలసిందే. ఆమె అడిగితే మా వాళ్లు ఆమె మాట తీరునే వింటూ నిలబడుతున్నారు కానీ జవాబు చెప్పడం లేదు. "మీరు అడిగిపెడతారా బాబాయ్‌గారూ" అంది. అంచుల పని తక్కువగా ఉన్న రోజులు. సరేనన్నాను.

ఆమె అచ్చు వేయించిన ఫారంలో రెండు ముఖ్యమైన ప్రశ్నలు. మొదటిది, భూమి ఎంత. రెండోది ఇలా ఉంది: "మీ పొలం చుట్టుపక్కల వర్షపు నీరు నిలవ చేయుటకు తవ్విన కుంటలు ఎన్ని కలవు?"

మొదటి రోజు ముదిగుబ్బ దగ్గర ఒక పల్లెకు పోయాను. గొర్రెలు తోలుకుని వస్తున్న రైతును నిలబెట్టి ఈ ప్రశ్న చదివాను. అతను కట్టె భుజం మీద పెట్టుకుని చివరిదాకా విన్నాడు.

"ఏమప్పా, పరీచ్చ పేపరు తెచ్చినావా? నేను బడి మానేసిందే దీన్ని తప్పిచ్చుకునేకి" అన్నాడు.

"జవాబు చెప్పప్పా, రాసుకుని పోతా."

"ముందు ప్రశ్న ఐపోనీ. అది ఐపోయేలోపల నా గొర్రెలు కదిరికి చేరేట్టుండాయి."

అతను చెప్పింది నిజమే అనిపించింది. మరుసటి ఇంటి నుంచి రెండు ప్రశ్నలనూ కలిపి నాలుగు మాటలు చేశాను. "పొలం ఎంతప్పా, కుంటలు ఎన్ని?" అంతే. అడిగిన వెంటనే జవాబు వచ్చేది. "మూడెకరాల ఇరవై సెంట్లు. కుంట ఒగటుండాది, నీళ్లే లేవు." అక్కర్లేని పోగు తీసేసి అంచు తేలిక చేసినంత తృప్తి కలిగింది నాకు. ఫారంలో ఉన్నట్టు అడగడం లేదని ఆమెకు చెప్పలేదు. చెప్పవలసిన విషయమని తోచలేదు.

ధర్మవరం వైపు, పెనుకొండ వైపు ఐపోయి హిందూపురం వైపు వెళ్లాను. అక్కడివాళ్లు ఇంకా చకచకా చెప్పారు.

"పొలం ఎంతప్పా, కుంటలు ఎన్ని?"

"ఎకరా మీద నాలుగు."

భూమి గడిలో ఒకటి, కుంటల గడిలో నాలుగు రాసుకున్నాను. ఎకరా పొలం, దాని మీద నాలుగు కుంటలు. ఇంకొకాయన "రెండెకరాల మీద పది" అన్నాడు. రెండు, పది. కొందరు ఉత్త కుంటలే చెప్పారు. ఊరి అంచున ఒక అవ్వ వడ్లు చెరుగుతూ తల ఎత్తకుండానే "ఏడు కుంటలు" అంది. భూమి ఎంతో చెప్పలేదని ఆ గడిలో అడ్డగీత పెట్టాను.

అనుమానం రాలేదా అంటే వచ్చింది. ఒక పొలం చుట్టూ పది కుంటలంటే ఎక్కువే. కానీ ఉపాధి పనుల్లో చాలా తవ్వారని విన్నాను. పైగా హిందూపురం వాళ్లు మల్బరీ, మొక్కజొన్న పెట్టేవాళ్లు, మాకంటే నీటి జాగ్రత్త ఉన్నవాళ్లని ఒక గౌరవం ఉంది. ఆ గౌరవంతో అనుమానాన్ని అణిచేశాను. ఒక్క పొలంలోకన్నా దిగి చూసి ఉంటే సరిపోయేది. రోజుకు ఇన్ని ఇళ్లు అని పెట్టుకున్న లెక్క చెడుతుందని దిగలేదు.

ఆమె పెనుకొండలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. అటు ధర్మవరానికీ ఇటు హిందూపురానికీ రైలు అందుతుందని. ఫారాలన్నీ ఇచ్చిన వారానికి నన్ను పిలిచి కంప్యూటర్లో చుక్కలు చూపించింది. ఒక్కో చుక్క ఒక్కో ఇల్లు. కుడి పక్కకు పోయేకొద్దీ ఊరికి దూరం, పైకి పోయేకొద్దీ కుంటలు ఎక్కువ. ధర్మవరం చుక్కలు అడుగునే పాకుతున్నాయి. హిందూపురం చుక్కలు మాత్రం పైకి లేచి ఉన్నాయి.

"మూడు ఊళ్లలో ఎక్కువ పెరిగింది హిందూపురమే కదండీ. అక్కడే కుంటలు ఎక్కువున్నాయి. ఊరు పెరిగితే కుంటలు పోతాయని అందరూ అనుకుంటారు. ఇక్కడ రైతులు ఊరు దగ్గరికొచ్చేకొద్దీ ఇంకా తవ్వుకుంటున్నారు. ఇలా అని ఎవరూ చెప్పలేదు బాబాయ్‌గారూ."

ఆమె ముఖంలో ఆ వెలుగు నేనెప్పుడూ చూడలేదు. అంతకు ముందు రెండేళ్లు ఆమె తీసిన లెక్కలన్నీ ఎటూ వంగని గీతలేనట. ఆమెకిచ్చిన గడువులో ఇదే ఆఖరి నెల. నెలాఖరుకు విశ్వవిద్యాలయంలో పెద్దల ముందు పెట్టాలి. నిలబడితే పని ముందుకు పోతుంది, నిలబడకపోతే మూడేళ్లు మూటకట్టుకుని ఇంటికి పోవాలి. తన మాస్టారికి అప్పుడే ఫోన్ చేసి చెప్పింది కూడా.

ఫారాల్లోని అంకెలను ఒక పెద్ద పట్టీలోకి ఎత్తి రాసే పని నాకిచ్చింది. ఇంటి దగ్గర కూర్చుని రాస్తూ, అలవాటు కొద్దీ హిందూపురం వైపు కుంటల అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుస పెట్టాను. పది చాలాసార్లు వచ్చింది. ఇరవై చాలాసార్లు వచ్చింది. ముప్పై కూడా. అన్నిటికంటే పెద్దది ముప్పై ఎనిమిది. ఎనభై ఎనిమిది ఇళ్లలో ఒక్కచోట కూడా నలభై రాలేదు, నలభై దాటలేదు.

నా పనిలో ఇది రోజూ చూసేదే. ఒక పువ్వు నలభై పోగుల్లో ముగిస్తే, నలభై ఒకటో పోగు మళ్లీ ఒకటో పోగే. అంకెలు ఒకచోటికి వచ్చి గోడ తగిలినట్టు ఆగిపోతున్నాయంటే అక్కడ ఏదో నిండి, లెక్క మళ్లీ మొదలవుతోందని అర్థం. కుంటలు నలభై ఐతే ఏం నిండుతుంది? నీళ్ల కుంటలు నలభైకి ఎందుకు ఆగాలి?

రెండు రోజులు అలాగే ఉన్నాను. మూడో రోజు హిందూపురం వైపు నుంచి ఒక మగ్గాల యజమాని అంచు డిజైన్ కోసం వచ్చాడు. పదేళ్లుగా నా దగ్గరికి వస్తున్న మనిషి. గ్రాఫ్ చుట్టి చేతికిస్తూ అడిగాను.

"అన్నా, మీ పక్క ఎవురికన్నా నలభై కుంటలు ఉంటాయా?"

"ఉంటే ఎకరా అంటాడు గదప్పా. నలభై కుంటలని ఎవురంటారు? నువ్వు పన్నెండు నెల్లని చెప్తావా, ఏడాదని చెప్తావా?"

"కుంటంటే నీళ్ల కుంట గాదా?"

"నీళ్ల కుంట నీళ్ల కుంటే, భూమి కుంట భూమి కుంటే. కుంటంటే రెండున్నర సెంట్లు. మీ ధర్మవరమోళ్లు సెంట్లంటారు, మేము కన్నడమోళ్ల పక్కనుండేవాళ్లం, కుంటలంటాము." నా ముఖం చూసి నవ్వాడు. "లెక్కలోడు లెక్కలోడు అంటారే నిన్ను, ఇది తెలీదా?"

అతను పోయాక ఫారాలు మళ్లీ తీశాను. ఎకరా మీద నాలుగు. ఎకరా పైన ఇంకో నాలుగు కుంటల భూమి. రెండెకరాల మీద పది, అంటే రెండుంపావు ఎకరా. ప్రతి జవాబూ సరైనదే. భూమి ఎంతో అణా పైసలతో చెప్పారు వాళ్లు. నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే నేను ఎవరినీ అడగలేదు. పొడుగు ప్రశ్నలో "వర్షపు నీరు" అనే మాట ఉంది. తేలిక చేస్తున్నానని నేను తీసేసిన పోగు అదే. ఎనభై ఎనిమిది నెమళ్లకు ఒకే చోట మెడ విరిగింది.

పొద్దున ప్యాసింజరుకు పెనుకొండ పోయాను. దారిలో ఒక్క మాట మనసులోకి వచ్చిందని దాచను. నలభై దగ్గర గోడ ఉందని నేను తప్ప ఎవరు చూస్తారు? రైలు దిగినా ఆ మాట పోలేదు; దానితోనే ఆమె గది మెట్లు ఎక్కాను.

చెప్పాను.

"మీరు ప్రశ్న మార్చారా?"

"మార్చలేదమ్మా. పొట్టిగా చేసినా."

"పొట్టిగా చేయడమంటే మార్చడమే కదండీ బాబాయ్‌గారూ."

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ నాతో ఉంది. కంప్యూటర్లో ఆ చుక్కలను మళ్లీ తెరిచింది. తరువాత, "ఇది ఎవరైనా పట్టుకుంటారంటారా?" అంది. రైల్లో నాకు వచ్చిన మాటే.

"నేను పట్టుకున్నా గదమ్మా. ఆ సభలో హిందూపురం మనిషి ఒగడుంటే, టీ తాగుతా పట్టుకుంటాడు."

మాస్టారితో మాట్లాడడానికి ఫోన్ తీసుకుని వరండాలోకి పోయింది. వచ్చాక, "పదకొండు రోజులున్నాయి. మళ్లీ అడిగి తెస్తే రమ్మన్నారు. లేకపోతే రావద్దన్నారు" అని చెప్పింది.

నేను జేబులోంచి పెన్సిలు తీశాను. ఎనభై ఎనిమిది ఇళ్లు. రోజుకు తొమ్మిది చొప్పున తొమ్మిది రోజులు, పదో రోజు ఏడు. పదకొండో రోజు లెక్కకు. ఒక్క రోజు కూడా మిగలదు, ఒక్క రోజు కూడా తగ్గదు.

ఈసారి ఇద్దరం పోయాం. ప్రశ్నను అచ్చులో ఉన్నట్టే, "కలవు" దాకా చదివాను.

"మళ్లా వచ్చినావేమప్పా? మొన్న రాసుకుంది పోగొట్టుకున్నావా?" అని అడిగాడు ఎకరా మీద నాలుగు చెప్పినాయన.

"పోగొట్టుకోలేదప్పా. తప్పు రాసుకున్నా."

"సర్కారు పనోళ్లు తప్పు రాసుకున్నామని తిరిగొచ్చింది నేను పుట్టినాక సూళ్లేదు. కూచో, కాఫీ తాగు."

"సర్కారు గాదప్పా."

"అదే అనుకుంటి. నీళ్ల కుంటలు యాడుండాయి ఈడ? ఒగటీ లేదు."

నాలుగు సున్నా అయింది. పది సున్నా అయింది. ఇరవై ఒకచోట ఒకటి అయింది, రెండుచోట్ల సున్నా. సాయంత్రం రైల్లో ఆమె ఆ రోజు అంకెలు ఎక్కించేది, పైకి లేచిన చుక్కలు ఒక్కొక్కటే అడుగుకు రాలిపోయేవి. ఆరో రోజుకు హిందూపురం చుక్కలన్నీ దాదాపు నేలమీదే ఉన్నాయి.

"ఇది కూడా ఎటూ వంగని గీతేనండీ. అన్నీ సున్నాలే" అంది.

సున్నాతో వచ్చే చిక్కు అదే. ఏనాడూ కుంట లేని చోటా సున్నానే, ఉండి పోయిన చోటా సున్నానే. కాగితం మీద రెండూ ఒకే గడి.

ఏడో రోజు ఊరి అంచున ఉన్న అవ్వ ఇంటికి పోయాం. ఏడు కుంటలని చెప్పి, నేను భూమి గడిలో అడ్డగీత పెట్టిన అవ్వ. అంతకు ముందు రోజు మంచి వాన పడింది. అవ్వ గుమ్మం ముందు కట్ట మీద కూర్చుని ఉంది.

"ఈ పాప ఎవురప్పా, నీ బిడ్డా?"

"కాదవ్వా. చదువుకుంటాండాది."

"ఇంత వయసొచ్చినా ఇంగా చదువేనా? యాడన్నా ఫెయిలైందా?"

ఆ అమ్మాయి నవ్వింది. ఆ వారంలో మొదటిసారి. నేను ప్రశ్న మొత్తం చదివాను.

"మొన్న చెప్తి గదప్పా, ఏడని."

"అవి భూమి కుంటలు గదవ్వా. నేను నీళ్ల కుంటలు అడుగుతాండా."

"రెండూ ఒగటేప్పా."

"ఎట్ల?"

"మా మామ తవ్విచ్చిన కుంట అది, మా సొంత నేలలో. భాగాలప్పుడు పైనేల నా మరుదులు తీసుకున్న్యారు, కుంట మాకొచ్చె. చుట్టూ అందురూ సైట్లేసిరి. నీళ్లు వచ్చే దావ మూసుకుపాయ. నీళ్లు రాని కుంట పెట్టుకుని ఏం జేసేది? మట్టి తోలిచ్చి పూడిపిస్తి. కొలిస్తే ఏడు కుంటలొచ్చె." చేత్తో చూపించింది. "కుంటే ఏడు కుంటలైంది. నువ్వు అడిగినదానికి నేను చెప్పింది రైటే."

లేచి మమ్మల్ని తీసుకుపోయింది. ఇంటి వెనక నూరడుగుల దూరంలో తెల్లరంగు వేసిన హద్దు రాళ్లు వరుసగా నాటి ఉన్నాయి. నడుమ నేల కొద్దిగా కుంగి ఉంది. అక్కడ వాన నీళ్లు చీలమండ లోతున నిలబడి, నాలుగు రాళ్ల తలలు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి.

"ఈడ రాళ్లు నాటినారని నీళ్లకు తెల్సునా? పాత చోటికే వస్తాయి" అంది అవ్వ.

ఆ అమ్మాయి చెప్పులు విడిచి నీళ్ల అంచుదాకా పోయి నిలబడింది. తిరిగి వచ్చి ఫారం తీసుకుని, వెనక వైపు ఖాళీలో ఒక కొత్త గడి గీసింది. "ఇంతకు ముందు ఇక్కడ కుంట ఉండేదా? ఉంటే, ఆ చోటు ఇప్పుడు ఎన్ని కుంటల నేల?" అని రాసింది. మొదటి కుంట ముందు "నీటి" అని చేర్చింది, రెండోదాని ముందు "భూమి" అని. నా కేసి చూసి, "ఏ మాటా తీసెయ్యకండి బాబాయ్‌గారూ" అంది.

ఆ రోజు మిగిలిన ఇళ్లలోనూ, తరువాతి మూడు రోజులూ రెండు ప్రశ్నలూ అడిగాం. ముందు ఆరు రోజుల ఇళ్లకు ఫారాల మీదున్న నంబర్లకు ఆమె ఫోన్ చేసింది. ఇప్పుడు ఆమె మాట తీరు వాళ్లకు అలవాటైపోయింది. "ఆ కాఫీ తాగిన లెక్కలాయనతో వచ్చిన పాపవా?" అని గుర్తుపట్టి చెప్పారు. పదకొండో రోజు కొత్త గడిలోని అంకెలను చుక్కలుగా పెట్టాం. ఊరికి దగ్గరగా ఉన్నచోట, నీటి కుంట పోయి భూమి కుంటలైన ఇళ్లు ఎక్కువ. దూరం పోయేకొద్దీ తక్కువ. చుక్కలు చెల్లాచెదురుగానే ఉన్నాయి, ముందటిలా మెరిసే గీత కాదు. కానీ ఒక వైపుకు వంగింది, అందరూ అనుకునే వైపుకే. ఎవరూ చెప్పనిది ఏదైనా ఉంటే, ఎంత నేల అలా మారిందో ఇంటింటికీ కొలిచి చెప్పడమే.

ఆమె విశ్వవిద్యాలయానికి బయలుదేరి పోయింది. మూడో రోజు ఫోన్ చేసింది. మొదట తన తప్పు గీతనే చూపించి, ఎందుకు తప్పో చెప్పి, తరువాత కొత్తది పెట్టిందట. "పొట్టి ప్రశ్న సంగతి కూడా చెప్పానండీ. మీ పేరు చెప్పలేదు" అంది. పెద్దలు చాలా ప్రశ్నలు వేసి, చివరికి ఆరు నెలలు ఇచ్చారు. ఒక షరతు. ధర్మవరం వైపు, పెనుకొండ వైపు కూడా కొత్త ప్రశ్నతో మళ్లీ అడగాలి. అక్కడి సున్నాలు ఏ రకం సున్నాలో తేలాలి.

కొత్త ఫారాలు తీసుకుని మళ్లీ ముదిగుబ్బ నుంచే మొదలుపెట్టాను. గొర్రెల రైతు అదే చోట, అదే కట్టెతో ఎదురయ్యాడు. రెండు ప్రశ్నలూ ఒక్క మాట వదలకుండా చదివాను. గొర్రెలు దూరం పోతున్నా అతను కదలకుండా విన్నాడు.

"మొదటిసారి వచ్చినప్పుడు పొడుగు ప్రశ్న అడిగినావు. పక్కింట్లో నాలుగు మాటలే అడిగినావంట. ఇప్పుడు నలభై చేసుకోనొచ్చినావే."

"హిందూపురంలో నలభై ఐతే ఎకరా అంటారప్పా."

"అయితే ఎకరా ప్రశ్న అది. నిలబడి చెప్పేది గాదు" అని, కట్టె పక్కన పెట్టి, గట్టు మీద నాకు చోటు చూపించాడు.